ఇంట్లో ఎలక్ట్రిక్ వాహనానికి చార్జింగ్ పాయింట్ ఏర్పాటు చేసుకోవడం ఎలా?

ఎలక్ట్రిక్ స్కూటరో కారో కొనబోయేవారు, ఇప్పటికే కొని ఇంటికి తెచ్చుకున్నవారు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే: "మా ఇంట్లో గీజరుకో ఏసీకో పెట్టించిన 15 ఆంప్స్ సాకెట్ ఉంది, దానికే పెట్టుకోవచ్చా?" దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పడం కుదరదు. సాకెట్ పైకి ఎంత కొత్తగా కనిపించినా, గోడ వెనుక ఏ మందం వైరు వచ్చింది, పైనున్న పెద్ద రంధ్రానికి నిజమైన ఎర్త్ ఉందా లేదా అన్నవి తేలితేగాని జవాబు దొరకదు. గీజరు పావుగంటో అరగంటో నడిచి ఆగిపోతుంది. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతూ నడుస్తుంది. కారు మాత్రం 15 ఆంప్స్‌కు దగ్గరగా గంటల తరబడి ఏకబిగిన లాగుతుంది, అదీ ఇంట్లో అందరూ నిద్రపోతున్న సమయంలో. కాబట్టి గీజరుకు ఏళ్ల తరబడి సరిపోయిన సాకెట్ కారుకు సరిపోతుందని అనుకోకండి.

ఈ వ్యాసం సొంత ఇంట్లోనో అపార్ట్‌మెంట్‌లోనో ఒక చార్జింగ్ పాయింట్ పెట్టించుకోవాలనుకునేవారి కోసం. వైరింగ్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. ఆ పని సరిగ్గా జరిగిందో లేదో అడిగి, చూసి, కొలిచి తెలుసుకోవలసింది మాత్రం మీరే.

కావలసినవి

- మీ తాజా కరెంటు బిల్లు. దానిమీద సర్వీసు నంబరు, కేటగిరీ, కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) ఉంటాయి.
- వాహనంతో వచ్చిన చార్జర్. దాని అడుగున అంటించిన లేబుల్‌ను ఫోనుతో ఫొటో తీసుకోండి.
- రాగి వైరు, కాండ్యూట్ పైపు. ఎంత మందం వైరు కావాలో 4వ మెట్టులో చెప్పాను.
- ఈ పాయింటుకు మాత్రమే పనిచేసే ఒక ఎంసీబీ (లోడు మించితే దానంతటదే కరెంటు ఆపే స్విచ్), ఒక 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), రెండూ పట్టే చిన్న పెట్టె.
- ఐఎస్ఐ గుర్తు ఉన్న 16 ఆంప్స్ సాకెట్, లేదా గోడకు బిగించే వాల్‌బాక్స్ చార్జర్.
- మల్టీమీటరు, హోల్డరుతో సహా ఒక 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

1. ముందు లెక్క వేసుకోండి

లేబుల్ మీద ఇన్‌పుట్ ఎంతో చూడండి. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంప్స్ లాగుతుందో వస్తుంది. 700 వాట్ల స్కూటర్ చార్జర్ సుమారు 3 ఆంప్స్ లాగుతుంది. 3.3 కిలోవాట్ల కారు చార్జర్‌కు 14 ఆంప్స్ పైన, 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్‌కు 32 ఆంప్స్ కావాలి. మొదటిది మామూలు పాయింటు, రెండోది ప్రత్యేక పాయింటు, మూడోది దాదాపు ఒక ఇంటి మొత్తం వాడకంతో సమానమైన లోడు.

ఇక్కడే చాలామంది అవసరానికి మించి ఖర్చు పెడతారు. 24 కిలోవాట్ అవర్ (అంటే 24 యూనిట్ల) బ్యాటరీ ఉన్న టియాగో ఈవీ కారును 20 శాతం నుంచి పూర్తిగా నింపాలంటే బ్యాటరీలోకి 19 యూనిట్ల పైచిలుకు వెళ్లాలి, చార్జర్‌లో వేడిగా పోయేది కలిపితే మీటరు మీద సుమారు 22 యూనిట్లు తిరుగుతాయి. 3.3 కిలోవాట్ల చొప్పున అది ఏడు గంటల లోపు పని. కానీ రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి ప్రతి రాత్రీ కావలసింది ఆరు యూనిట్లే, అంటే రెండు గంటలు. రోజూ వంద కిలోమీటర్లకు పైగా తిరగనివారు 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్ కోసం తొందరపడవద్దని, ఆ డబ్బు మందపాటి వైరు మీద, మంచి ఎర్త్ మీద పెట్టమని నా సలహా.

2. కాంట్రాక్టెడ్ లోడు పెంచాలేమో చూడండి

బిల్లు మీద 2 కిలోవాట్లో 3 కిలోవాట్లో ఉండి, ఇంట్లో ఏసీ, గీజరు, మోటారు వాడుతూ దానిమీద 3.3 కిలోవాట్ల కారు పెడితే లోడు దాటుతుంది. అప్పుడు డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) నుంచి అదనపు లోడుకు నోటీసు వస్తుంది. అంతవరకు ఆగకుండా మీరే డిస్కమ్ వెబ్‌సైట్‌లోనో, మీసేవలోనో, సెక్షన్ ఆఫీసులోనో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి. డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టవలసి ఉంటుంది. 7.4 కిలోవాట్ల చార్జర్ పెట్టేవారిని సాధారణంగా త్రీఫేజ్ కనెక్షన్‌కు మారమంటారు. స్కూటర్ ఒక్కటే ఉన్నవారికి ఈ మెట్టు దాదాపు అక్కర్లేదు.

సొంత వాహనాన్ని ఇంట్లో చార్జ్ చేసుకోవడానికి ప్రత్యేక అనుమతి కాని, లైసెన్సు కాని అవసరం లేదు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 నుంచి ఇస్తూ వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంటి మీటరు మీద చార్జింగ్‌కు ఇంటి టారిఫ్ వర్తిస్తుంది. కావాలనుకుంటే వాహనానికి విడిగా ఒక కనెక్షన్ తీసుకునే హక్కును 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు కల్పించాయి. ఇంటి వాడకం ఇప్పటికే పై శ్లాబుల్లో ఉన్నవారికి విడి కనెక్షన్ లాభమా కాదా అన్నది మీ డిస్కమ్ టారిఫ్ ఆర్డరులో ఎలక్ట్రిక్ వాహనాల కేటగిరీ ధరను మీ పై శ్లాబు ధరతో పోల్చి తేల్చుకోండి.

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలు మరో లెక్క కూడా వేసుకోవాలి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటర్ నెలకు 30 నుంచి 40 యూనిట్లు కలుపుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు 150 యూనిట్ల పైన కలుపుతుంది. 200 దాటిన నెలలో దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది.

3. చోటు ఎంచుకోండి

వాహనాన్ని నీడలో, గాలి ఆడే చోట, వాన జల్లు నేరుగా కొట్టని చోట నిలిపేలా చూసుకోండి. సాకెట్ నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. సెల్లార్లలోకి వాన నీరు చేరే అపార్ట్‌మెంట్లలో ఇంకా ఎత్తున పెట్టించండి. గ్యాస్ సిలిండరు, జనరేటరు డీజిలు, పాత పేపర్లు, పెయింటు డబ్బాలు దగ్గర్లో ఉండకూడదు.

హెచ్చరిక: పడకగదిలో, హాల్లో, మెట్ల కింద, ఇంటి గుమ్మానికి అడ్డంగా ఎప్పుడూ చార్జింగ్ పెట్టవద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో, నిజామాబాద్‌లో హాల్లో రాత్రిపూట చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఆ రెండు ఇళ్లలోనూ ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో చెలరేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి 8 మంది మరణించారు. ఈ ఘటనల తర్వాత ఏఐఎస్ 156, ఏఐఎస్ 038 ప్రమాణాలను సవరించి 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు దశల్లో బ్యాటరీ పరీక్షలను కఠినం చేశారు. కొత్త వాహనాలు పాతవాటికంటే భద్రమైనవే. అయినా మంట వస్తే మీరు బయటికి వెళ్లే దారి బ్యాటరీకి అవతల వైపు ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు.

విడదీసే బ్యాటరీ ఉన్న స్కూటర్ కలవారు, పై అంతస్తులో ఉంటూ బ్యాటరీ పైకి తెచ్చుకోక తప్పదంటే, గచ్చు నేల మీద, బాల్కనీలో నీడపట్టున పెట్టి, మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ చేయండి. దుప్పటి మీద, చెక్క బల్ల మీద, సోఫా పక్కన పెట్టవద్దు.

4. వైరు ఎక్కడినుంచి, ఎంత మందం

దగ్గర్లో ఉన్న ఏదో ఒక సాకెట్ నుంచి కొస తీసుకుని పొడిగించడం ఎలక్ట్రీషియన్‌కు సులువైన పని. దానికి ఒప్పుకోవద్దు. మీ మీటరు తర్వాత ఉన్న మెయిన్ స్విచ్ దగ్గరినుంచి గాని, ఇంటి డీబీ (ఎంసీబీలు బిగించి ఉండే పెట్టె) నుంచి గాని ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ విడిగా, మధ్యలో అతుకు లేకుండా చార్జింగ్ పాయింటుకు రావాలి. ఆ లైన్ మీద ఇంకే లైటూ మోటారూ ఉండకూడదు.

స్కూటర్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. కారు 3.3 కిలోవాట్ల చార్జర్‌కు 4 చదరపు మిల్లీమీటర్లు వేయించండి. 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్‌కు 10 వేయడం మేలు. ఎండాకాలంలో సెల్లార్ కప్పుకింద పైపులో వేడి పెరిగి వైరు మోయగల ఆంప్స్ తగ్గుతాయి కాబట్టి లెక్కకు సరిగ్గా సరిపోయే వైరు కాకుండా ఒక సైజు పైది వేయించడంలో తప్పు లేదు. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు ఉంటే దాన్ని ఈ పనికి వాడకండి. రాగిని అల్యూమినియంతో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకే ముందుగా కాలుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారికి ఒక అనుకూలత ఉంది. చాలా భవనాల్లో అన్ని ఫ్లాట్ల మీటర్లూ కింద స్టిల్ట్‌లోనో సెల్లార్‌లోనో ఒకేచోట ఉంటాయి కాబట్టి మీ మీటరు నుంచి మీ పార్కింగ్ స్థలానికి పది ముప్పై మీటర్ల కాండ్యూట్ పైపు వేస్తే సరిపోతుంది, బిల్లు మీ పేరునే వస్తుంది, కామన్ మీటరు మీద వాడుతున్నారన్న తగవు ఉండదు. అసోసియేషన్‌కు లిఖితపూర్వకంగా ఉత్తరం రాయండి. అందులో పైపు వెళ్లే దారిని గీసి చూపండి, ఎంసీబీ ఆర్‌సీసీబీ వివరాలు రాయండి, పని చేసే కాంట్రాక్టరు లైసెన్సు కాపీ జత చేయండి. "ఈవీ పెట్టుకుంటాం" అని నోటిమాటగా అడిగితే భయపడి కాదనేవారు కూడా కాగితం మీద వివరాలు చూసి ఒప్పుకుంటారు. ఒకేసారి నలుగురైదుగురు అడుగుతున్నారంటే విడివిడి పైపులకంటే డిస్కమ్ నుంచి పార్కింగ్‌కు ఒక ప్రత్యేక కనెక్షన్ తీసుకుని సబ్‌మీటర్లు పెట్టుకోవడం చక్కని పద్ధతి.

హెచ్చరిక: ఇన్వర్టర్ లైన్ మీద, జనరేటర్ బ్యాకప్ లైన్ మీద చార్జింగ్ పాయింటు పెట్టవద్దు. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ ఆ లోడు మోయలేదు. పల్లెల్లో పొలం మోటారు సర్వీసు నుంచి తీగ లాగి వాహనం చార్జ్ చేయడం కూడా కూడదు. అది వ్యవసాయానికి ఇచ్చిన కేటగిరీ. ఇతర అవసరాలకు వాడితే కేసు అవుతుంది. పైగా స్టార్టరు డబ్బా దగ్గర నమ్మదగిన ఎర్త్ చాలా అరుదు.

5. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ పెట్టించండి

ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్న మాట నమ్మకండి. 3.3 కిలోవాట్ల పాయింటుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 20 ఆంప్స్ సీ రకం ఎంసీబీ సరిపోతుంది. 7.4 కిలోవాట్లకు 40 ఆంప్స్. ఎంసీబీ అంకె వైరు మోయగల ఆంప్స్‌కంటే ఎప్పుడూ తక్కువ ఉండాలి. తరచూ ట్రిప్ అవుతోందని వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ బిగిస్తే, ఆ తర్వాత కాలేది వైరే.

ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంప్స్‌ది, 'టైప్ ఏ' (Type A) అని రాసి ఉన్న రకం తీసుకోండి. 'టైప్ ఏసీ' (Type AC) అని రాసి ఉన్నది కొంచెం చవక గాని, చార్జర్లలోని ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీని అది సరిగా పట్టలేదు. వాల్‌బాక్స్ అయితే అందులోనే డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందో లేదో కొనేముందు అడగండి. లేకపోతే 'టైప్ బీ' (Type B) ఆర్‌సీసీబీ కావాలి, దాని ధర ఎక్కువ. ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో డీబీ దగ్గర ఒక సర్జ్ ప్రొటెక్టరు కూడా పెట్టించుకోవడం మంచిది.

6. ఎర్త్: అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు

తొందరపడి దాటేయకండి, ఈ భాగం రెండుసార్లు చదవండి. వాహనం బాడీకి, చార్జర్ లోహపు డబ్బాకు ఎక్కడైనా కరెంటు తగిలితే అది భూమిలోకి పోవడానికి దారి కావాలి. ఆ దారి లేకపోతే తడి నేల మీద నిలబడి కారు తలుపు పట్టుకున్న మనిషే దారి అవుతాడు.

మన ఇళ్లలో ఎర్త్ పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసిందే. ఇల్లు కట్టినప్పుడు గుంట తీసి, ఉప్పు బొగ్గు వేసి, జీఐ పైపు పాతుతారు. ఆ తర్వాత దానిమీద గచ్చు పోస్తారు, లేదా కుండీ పెడతారు. ఏళ్లు గడిచాక క్లాంపు తుప్పు పడుతుంది, నీళ్లు పోసేవారు ఉండరు. కాబట్టి మొదట గుంట ఎక్కడుందో వెతికి మూత తీయించండి. పైపుకు తీగ బిగించిన బోల్టు దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే, బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతుంటే, ఆ ఎర్త్ లేనట్టే. కొత్త గుంట తీయించడం, లేదా బెంటొనైట్ పొడి నింపే కెమికల్ ఎర్తింగ్ చేయించడం మంచిది. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండేలా అడగండి. అది కొలిచే ఎర్త్ టెస్టరు లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ల దగ్గర ఉంటుంది.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఇది. ఎలక్ట్రీషియన్ దగ్గరుండి చేయించండి.

ఒకటి, మల్టీమీటరుతో సాకెట్‌లో మూడు కొలతలు తీసుకోవాలి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టుల అటూఇటూ రావాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు.

రెండు, ఇంతటితో తృప్తి పడకూడదు. మల్టీమీటరు లాగే కరెంటు ఎంతో తక్కువ కాబట్టి ఎర్త్ ఎంత బలహీనంగా ఉన్నా అది 230 చూపిస్తుంది. అందుకే 100 వాట్ల బల్బు. ఆర్‌సీసీబీకి ముందు వైపున, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య ఆ బల్బును కలపాలి. బల్బు మామూలుగా వెలుగుతూ, దాని కొసల వద్ద వోల్టేజీ నాలుగైదు వోల్టులకు మించి పడిపోకపోతే ఎర్త్ బాగున్నట్టు. ఎర్త్ నిరోధం 100 ఓమ్‌లు ఉంటే దాదాపు 40 వోల్టులు పడిపోతుంది, కాంతి తగ్గడం కంటికే తెలుస్తుంది. ఈ పరీక్ష జరిగే ఆ కొద్ది క్షణాలు ఇంట్లో ఎవరూ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కుళాయిలు ముట్టుకోకుండా చూడండి. ఎర్త్ చెడిపోయి ఉంటే వాటి మీదికీ వోల్టేజీ వస్తుంది. బల్బును ఆర్‌సీసీబీ తర్వాత కలిపితే అది వెంటనే ట్రిప్ కావాలి.

ఎర్త్ 5 ఓమ్‌లు ఉంటే చాలదా, ఆర్‌సీసీబీ ఎందుకు అని అడిగేవారికి లెక్క ఇది: 230ని 5తో భాగిస్తే 46 ఆంప్స్. 20 ఆంప్స్ సీ రకం ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే 100 ఆంప్స్ పైన కావాలి. ఆ తేడాను పూడ్చేది ఆర్‌సీసీబీ ఒక్కటే.

ఇప్పుడు అత్యంత ప్రమాదకరమైన చిట్కా గురించి చెప్పాలి. ఎర్త్ లేకపోతే చాలా చార్జర్లు ఎర్ర లైటు చూపి చార్జింగ్ మొదలుపెట్టవు. అప్పుడు కొందరు సాకెట్ వెనుక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు ఒక చిన్న వైరు ముక్క కలిపేస్తారు. చార్జర్ మోసపోతుంది, ఆకుపచ్చ లైటు వస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఏదో ఒక రోజు బయట స్తంభం దగ్గరో, మెయిన్ స్విచ్‌లోనో న్యూట్రల్ ఊడిన క్షణాన 230 వోల్టులు నేరుగా వాహనం బాడీ మీదికి వస్తాయి. ఎర్త్ ఉన్నట్టు నటించే డమ్మీ ప్లగ్గులు, అడాప్టర్లు కూడా ఇదే కోవకు చెందినవి. న్యూట్రల్ ఎర్త్‌ల మధ్య మల్టీమీటరు ఖచ్చితంగా 0.0 చూపుతూ, లోడు పెట్టినా కదలకపోతే సాకెట్ విప్పించి వెనుక చూడండి. అలాంటి ముక్క కనిపిస్తే పని ఆపించి, వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

7. సాకెట్ బిగించడం

వైరు కొసలకు లగ్గులో ఫెర్రూళ్లో వేసి స్క్రూలు గట్టిగా బిగించాలి. ఒలిచిన తీగ పోగుల్లో కొన్ని బయటికి తప్పుకుని ఉండకూడదు. ఒక టెర్మినల్ కింద రెండు వైర్లు దూర్చకూడదు. ప్లగ్గు పెట్టినప్పుడు బిగుతుగా కూర్చోవాలి. కాస్త లాగగానే వచ్చేస్తే సాకెట్ కొత్తదైనా మార్చండి. ఆరుబయట అయితే మూత ఉన్న, ఐపీ65 అని రాసి ఉన్న పెట్టెలో పెట్టించండి. చార్జర్ బరువు ప్లగ్గు మీద వేలాడకుండా పక్కనే ఒక కొక్కెం కొట్టించండి. ఈ కొక్కెం చాలా ఇళ్లలో ఉండదు, ప్లగ్గు పిన్నులు వదులవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

ఎక్స్‌టెన్షన్ బాక్సు, మల్టీప్లగ్, పిన్ కన్వర్టర్ ఏదీ మధ్యలో ఉండకూడదు. మార్కెట్లో దొరికే చాలా ఎక్స్‌టెన్షన్ బాక్సులు 6 ఆంప్స్‌కు తయారైనవి. స్కూటర్ చార్జర్‌కు సరిపోతుంది కదా అని పెట్టి, ఆ తర్వాత అదే బాక్సు కారుకు వాడినవారున్నారు.

8. మొదటి చార్జింగ్ పగటిపూట, మీరు ఇంట్లో ఉండగా పెట్టండి

ముందు ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోవాలి. మళ్లీ ఆన్ చేసి, మీటరు రీడింగ్ రాసుకుని చార్జింగ్ మొదలుపెట్టండి. పదిహేను నిమిషాల తర్వాత సాకెట్, ఎంసీబీ పెట్టె, ప్లగ్గు దగ్గర వాసన చూడండి. గంట తర్వాత చార్జింగ్ ఆపి, స్విచ్ కట్టి, ప్లగ్గును వెంటనే తీసి చేత్తో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడిగా ఉంటే, పిన్నుల మొదట్లో గోధుమరంగు వలయం కనిపిస్తే, ప్లాస్టిక్ మెత్తబడితే, అది వదులు కనెక్షన్. సాకెట్ మార్చి, టెర్మినళ్లు మళ్లీ బిగించేదాకా వాడవద్దు.

పని సరిగ్గా జరిగిందని తేల్చుకునే కొలతలు

వోల్టేజీ పతనం: చార్జింగ్ లేనప్పుడు, చార్జింగ్ నడుస్తున్నప్పుడు పాయింటు పెట్టెలోని ఎంసీబీ దగ్గర, మీటరు దగ్గర ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించండి. 30 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద 15 ఆంప్స్‌కు నాలుగు వోల్టుల వరకు తగ్గడం సహజం. మీటరుకు పాయింటుకు మధ్య ఏడు వోల్టులకు మించి తేడా వస్తే వైరు సన్నగా ఉన్నట్టు, లేదా ఎక్కడో అతుకు ఉన్నట్టు. మీటరు దగ్గరే బాగా పడిపోతుంటే లోపం సర్వీసు వైరులోనో స్తంభం దగ్గరో ఉంది. 1912కు ఫిర్యాదు చేయండి.

నిజంగా ఎంత లాగుతోంది: ఎలక్ట్రానిక్ మీటరు మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటు పక్కన యూనిట్‌కు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది. 1600 అని ఉంటే, ఇంట్లో మిగతావన్నీ ఆపి, కారు చార్జింగ్ ఒక్కటే నడుస్తుండగా నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. 88 సార్లు మెరిస్తే 3.3 కిలోవాట్లు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే మెరుపుల సంఖ్యను 60తో గుణించి ఆ అంకెతో భాగించండి. బాగా తక్కువ వస్తుంటే చార్జరే కరెంటు తగ్గించుకుంటోందని అర్థం. తక్కువ వోల్టేజీ, వేడి, లేదా వాహనం సెట్టింగుల్లో పెట్టిన ఆంప్స్ పరిమితి కారణం కావచ్చు.

యూనిట్ల లెక్క: బ్యాటరీలో చేరినదానికంటే మీటరు మీద 10 నుంచి 15 శాతం ఎక్కువ తిరగడం మామూలే. తేడా అంతకు చాలా మించి ఉంటే, ఆ లైన్ మీద ఇంకేదో నడుస్తోందేమో ముందు చూడండి.

తరచూ జరిగే పొరపాట్లు

మే నెల ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టడం చాలామంది చేసే పని. స్కూటర్‌ను అరగంట, వీలైతే గంట నీడలో ఆరనిచ్చి పెట్టండి. వేడి మీద వేడి బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది.

ఆర్‌సీసీబీ వానాకాలంలో పదేపదే ట్రిప్ అవుతుంటే దాన్ని తీసేసి నేరుగా కలిపేయడం మరో పొరపాటు. అది పాడై ట్రిప్ కావడం అరుదు. సాకెట్‌లోకో కాండ్యూట్‌లోకో నీరు చేరి ఉంటుంది. వాహనం ప్లగ్గు తీసేసి ఆర్‌సీసీబీ ఆన్ చేయండి. అప్పుడు కూడా పడితే లోపం లైన్‌లో ఉంది, నిలబడితే చార్జర్‌లో ఉంది.

స్కూటర్ పాతదై కంపెనీ చార్జర్ చెడితే, వోల్టేజీ సరిపోయిందని బయట దొరికే చార్జర్ కొనడం కూడా ప్రమాదమే. బ్యాటరీ రకాన్ని బట్టి చార్జింగ్ ఆపవలసిన వోల్టేజీ మారుతుంది. అలాగే రోజూ 80 శాతం వద్ద ఆపాలా, వంద శాతం నింపాలా అన్నది ఎవరో చెప్పినది కాకుండా మీ వాహనం మాన్యువల్‌లో చూడండి. లిథియం బ్యాటరీల్లో ఎల్‌ఎఫ్‌పీ అనే రకాన్ని మధ్యమధ్యలో పూర్తిగా నింపమని కంపెనీలే చెబుతాయి, ఎన్‌ఎంసీ అనే రకానికి రోజువారీగా 80 దగ్గర ఆపడం మేలు చేస్తుంది.

ఈ ఏర్పాటు కుదరనివారికి

అద్దె ఇంట్లో ఉండి యజమాని ఒప్పుకోకపోతే, ఖర్చు మీరే పెట్టుకుని ఎంసీబీ పెట్టె, సాకెట్ ఖాళీ చేసేటప్పుడు వదిలేస్తామని చెప్పి చూడండి. ఏ లోడుకైనా అక్కరకొచ్చే మంచి పవర్ పాయింటు ఉచితంగా వస్తుందంటే చాలామంది కాదనరు. అదీ కుదరకపోతే ఆఫీసులో పగటి చార్జింగ్ అడగండి. రోజువారీ దూరం తక్కువైతే వారానికి ఒకటి రెండుసార్లు బయట ఉండే సీసీఎస్2 (కార్లకు వాడే ప్లగ్గు రకం) ఫాస్ట్ చార్జర్ దగ్గర నింపుకోవడం కూడా సరిపోతుంది, కాకపోతే యూనిట్ ధర ఇంటికంటే ఎక్కువ పడుతుంది.

సాయంత్రాలు వోల్టేజీ 180కి పడిపోయే ఊళ్లలో ఉన్నవారు స్టెబిలైజరు కొనేముందు రెండు పనులు చేసి చూడండి. వాహనంలో టైమరు ఉంటే రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా పెట్టండి. ఆంప్స్ తగ్గించే సెట్టింగ్ ఉంటే 16 నుంచి 10కి దించండి. మేడ మీద సోలార్ ఉండి నెట్ మీటరింగ్ ఉన్నవారు రాత్రి చార్జ్ చేసినా పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లతో చెల్లుబాటు అవుతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ప్రాంతంలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి కాబట్టి, రోజుకు 40 కిలోమీటర్ల కారు వాడకానికి కిలోవాటున్నర ప్యానెళ్లు లెక్కకు వస్తాయి.

నెలకోసారి, ఏడాదికోసారి

నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి, ప్లగ్గు పిన్నుల రంగు చూడండి, కేబులు మీద ఎలుక కొరికిన గుర్తులున్నాయేమో చేత్తో తడమకుండా, ప్లగ్గు తీసేసి వెలుతురులో చూడండి. ఎండాకాలంలో మామూలు ఎర్త్ గుంటలో వారానికో బకెట్ నీళ్లు పోయండి. ఏడాదికోసారి, వానలు మొదలుకాకముందు, టెర్మినల్ స్క్రూలు బిగింపించి బల్బు పరీక్ష మళ్లీ చేయించండి.

ఎప్పుడైనా బ్యాటరీ నుంచి బుసకొట్టే చప్పుడు, తియ్యటి ఘాటు వాసన, తెల్లటి పొగ వస్తే, దారిలో ఉన్న మెయిన్ స్విచ్ చేతికందితే కట్టి, లేకపోతే దాన్నీ వదిలేసి, ఇంట్లోవారందరినీ బయటికి తీసుకెళ్లి 101కి ఫోన్ చేయండి. ఫోన్లో ఎలక్ట్రిక్ వాహనం బ్యాటరీ అని స్పష్టంగా చెప్పండి. అది ఆరినట్టు కనిపించినా మళ్లీ రాజుకుంటుంది కాబట్టి అగ్నిమాపక సిబ్బంది చూసి చెప్పేదాకా దగ్గరికి వెళ్లవద్దు.